చేపల పని

ఆ ఆదివారం ఉదయానికి లిఫ్టు మెకానిక్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగాలి, తోటలో కొలను దగ్గరకెళ్ళి చేపల్ని ఒకసారి లెక్కపెట్టాలి, తిరిగొచ్చి పేపరు అడ్డం పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఎవరికీ దొరక్కుండా కూర్చోవాలి. కాఫీ వరకూ అంతా సజావుగానే జరిగింది. చేపల దగ్గర తేడా వచ్చింది. పదకొండు ఉండాల్సిన బంగారు చేపల్లో పదే ఈదుతున్నాయి. పదకొండోది కూడా ఉంది గానీ, అది ఈదడం మానేసి పక్కకు ఒరిగి తేలుతోంది.

అతను గబగబా గట్టు మీద కూర్చున్నాడు. వంగి ఎడమ కంటి మీద తెల్లమచ్చ ఉందేమోనని చూశాడు. లేదు. పోయింది పెద్దాయన కాదు. అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు.

చేపలు అతనివి కావు, వాళ్ళమ్మవి. అతని చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుందని ఫోను రాగానే అమ్మ పెట్టె సర్దుకుని సాయానికి వెళ్ళింది. వెళ్ళి పది రోజులైంది. గుమ్మం దాటుతూ ఆవిడ కొడుక్కి ఇల్లు జాగ్రత్త అని చెప్పలేదు, ఒళ్ళు జాగ్రత్త అనీ చెప్పలేదు. చేపలు జాగ్రత్త అంది, పెద్దాయన్ని మరీ జాగ్రత్తగా చూసుకోమంది. పెద్దాయన అంటే జానెడు పొడవున్న నారింజ రంగు చేప. నాన్న పోవడానికి ముందు ఏడాది, నడవలేక నడుస్తూ ఎక్కడికో వెళ్ళి ప్లాస్టిక్ సంచీలో పెట్టి తెచ్చిన చేప అది. నాన్నను అమ్మ ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు, ఆయన అనేది. ఆ చేపను పెద్దాయన అంటుంది. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో మంచీ చెడూ ముందుగా తెలిసేది ఆ చేపకే.

ఆ బయలుదేరే హడావుడిలోనే, ఏమేం చేయాలో చెప్పమ్మా, రాసుకుంటానని అతను పెన్ను తీశాడు.

"రాసుకునేంత ఏముందిరా? పెద్దగా ఏం చేయక్కర్లేదు" అంది అమ్మ.

ఆ మాట అతను నమ్మలేదు. నమ్మకపోవడానికి ఒక బాల్యమంతా సాక్ష్యం ఉంది. అతని చిన్నప్పుడు రోజూ పొద్దుటి వంట హడావుడి తగ్గగానే అమ్మ ఒక చేత్తో చిన్న పీట, ఇంకో చేత్తో మూత బిగించిన రేకు డబ్బా పట్టుకుని, చేపల పని చూసుకొస్తానని చెప్పి తోటలోకి వెళ్ళేది. అరగంట. ఆ అరగంటలో ఎవరూ పిలవకూడదు. మోకాలు గీరుకుపోయినా సరే, లెక్క తప్పినా సరే, అరగంట ఆగాల్సిందే. నాన్న కూడా గొంతు తగ్గించి, మీ అమ్మ చేపల పనిలో ఉంది, అల్లరి చేయకండని కసిరేవాడు. నలుగురు పిల్లలూ వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని చూస్తే ఆవిడ వీపు మాత్రమే కనబడేది. తిరిగొచ్చేసరికి ఆవిడ ముఖం తేటగా ఉండేది, దగ్గరకు తీసుకుంటే చల్లగా తియ్యగా ఏదో వాసన వచ్చేది. అది చేపలకు వేసే మందు వాసనని పిల్లలు నలుగురూ కలిసి తేల్చేశారు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన లాంటిది తగిలితే అతనికి ఆ కిటికీ ఊచల చల్లదనం అరచేతుల్లోకి వస్తుంది.

దానికి తోడు అతని వృత్తి ఒకటి. ఇరవై రెండేళ్ళుగా నలభై లిఫ్టులకు నెలనెలా సర్వీసు చేస్తున్నాడు. ప్రతి లిఫ్టు పైగదిలోనూ ఒక కార్డు వేలాడుతూ ఉంటుంది. నూనె, తాడు, బ్రేకు, తలుపు అని గడులు, పని చేసినవాళ్ళు ఆ గడిలో సంతకం పెట్టాలి. మా లిఫ్టుకు ఏమీ చేయక్కర్లేదన్న మేనేజరునొకణ్ణి మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య నుంచి కాళ్ళు పట్టి లాగిన అనుభవం అతనికుంది. కాబట్టి అమ్మ మాటను పనితనం ఉన్నవాళ్ళ వినయంగా అర్థం చేసుకున్నాడు. ఆవిడ ఎక్కిన టాక్సీ వీధి మలుపు తిరగకముందే కొలనుకు కార్డు గీశాడు. పొద్దుటి మేత, సాయంత్రం మేత, నీళ్ళు, గోడలు, ఆకులు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పనిముట్ల కొట్టు గోడకు తగిలించి, దారంతో పెన్సిలు కట్టాడు. పొద్దుటి మేత మందుల దుకాణంలో పనిచేసే భార్యకు అప్పగించాడు. మిగతావి తనే పెట్టుకున్నాడు. వాళ్ళతోపాటు ఉండే బాబాయికి ఏ గడీ కేటాయించలేదు. ఆయన రైల్వే గార్డుగా రిటైరైన మనిషి, మెడలో ఈల ఇంకా తీయలేదు. గడి లేనందుకు ఆయన చిన్నబుచ్చుకున్నాడు కానీ పైకి అనలేదు.

పది రోజుల కార్డులో ఒక్క గడి ఖాళీ లేదు. అయినా చేప చచ్చింది.

మెకానిక్ దాన్ని గులాబీ మొక్క కింద పూడ్చి, లిఫ్టు ఆగినప్పుడు చేసే పద్ధతిలోనే కింది నుంచి మొదలుపెట్టాడు. నీళ్ళు పాలపాలగా ఉన్నాయి. గోడలకు వేలెడు మందాన నాచు పట్టి ఉంది. ఇంత మురికిలో ఏ ప్రాణి మాత్రం బతుకుతుందనుకున్నాడు. చేపల్ని బకెట్లలోకి ఎక్కించి, కొలను తోడేసి, ఇనుప బ్రష్షుతో సాయంత్రం దాకా తోమాడు. నాన్న పరిచిన తెల్లరాతి పలకలు నలభై ఏళ్ళ తర్వాత బయటపడి తళతళలాడాయి. గొట్టం పెట్టి కుళాయి నీళ్ళు నిండా పట్టాడు. అద్దంలా ఉన్న కొలనును చూసి, అమ్మ వస్తే గుర్తు కూడా పట్టలేదని భార్యతో గర్వంగా చెప్పాడు.

మంగళవారానికి మరో మూడు చేపలు పోయాయి.

ఈసారి అతనికి భయం పట్టుకుంది. తప్పు తన కొలనులో లేదని తేలిపోయింది, అంతలా తోమాడు మరి. అంటే బయటి నుంచి వస్తోంది. గోడ పక్కన చూస్తే అవతలి ఇంటి కాలువ ఉంది. ఆ ఇల్లు పళ్ళ డాక్టరుది, ముందు గదిలోనే ఆయన క్లినిక్కు. రోజుకు ముప్పై మంది పుక్కిలించి ఉమ్మిన మందునీళ్ళు ఎటు పోతాయన్న అనుమానం మెకానిక్కు రాగానే ఇక నిలవలేకపోయాడు. కొలను నీళ్ళు సీసాలో పట్టుకుని నేరుగా క్లినిక్కులోకి వెళ్ళి, నలుగురు రోగులు వింటుండగా, మా చేపల్ని మీరేమైనా చేస్తున్నారా అని అడిగాడు. డాక్టరు గారి ముఖం కందగడ్డ అయింది. ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆ సమయంలో కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉన్న రోగి తన భార్యేనన్న సంగతి మెకానిక్ బయటకొచ్చాక గాని గమనించలేదు. సగం తవ్విన పన్నుకు తాత్కాలికంగా ఏదో కూరి ఆవిణ్ణి పంపేశారు. మిగతా సగానికి డాక్టరు గారికి వీలుపడదని సాయంత్రం కబురొచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ ఎడమవైపు నమలడం, మొగుడితో మాట్లాడటం రెండూ తగ్గించింది.

మనుషులు పనికిరాకుండా పోయాక అతనికి రేకు డబ్బా గుర్తొచ్చింది. అసలు కిటుకంతా ఆ డబ్బాలో ఉండి ఉండాలి. ఇల్లంతా వెతికాడు, దొరకలేదు. అమ్మ తనతోపాటు తీసుకెళ్ళిపోయింది. ఫోను చేసి అడగడమంటే చచ్చిన చేపల్ని లెక్క చెప్పడమే. ఇక మిగిలింది ఆ వాసన ఒక్కటే. శుక్రవారం పని మధ్యలో చేపల దుకాణానికి వెళ్ళి, చేపల మందులన్నీ చూపించమన్నాడు. దుకాణదారు ఇరవై సీసాలు బల్ల మీద పెడితే ఒక్కొక్కటే మూత తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టాడు. పదమూడో సీసా దగ్గర అతని కళ్ళు చెమర్చాయి. అది మందు ఘాటుకో, అమ్మ గుర్తొచ్చో అతనికే తెలియదు.

దుకాణదారు ఓపికగా చూసి, రోజూ మేత ఎంత వేస్తారని అడిగాడు. కార్డు ప్రకారం వేస్తామని మెకానిక్ గొప్పగా చెప్పాడు.

"ఆకలితో చచ్చిన చేపని ఇరవై ఏళ్ళలో నేనైతే చూడలేదు సార్" అన్నాడు దుకాణదారు.

తన మేత కొన్నవాళ్ళ చేపలు చావవని చెప్పి పెద్ద డబ్బా అమ్ముకునే మాటగా తోచింది మెకానిక్కు. అందుకని పెద్ద డబ్బాయే కొన్నాడు. వాసన కుదరకపోయినా ఒక నీలం మందు, చచ్చినవాటి బదులు అదే రంగులో నాలుగు కొత్త చేపలు కూడా తీసుకున్నాడు. మందు ఒక మూతెడు చాలని సీసా మీద ఉంది. అతను ఒక మూతెడు వేశాడు. మందుల దుకాణంలో పనిచేసే మనిషి కదా, ఏ మందైనా మధ్యలో ఆపకూడదని నమ్మే భార్య, అతనికి చెప్పకుండా పూటకో మూతెడు చొప్పున వేసింది. శనివారం మధ్యాహ్నానికి కొలను సిరాబుడ్డిలా తయారైంది. కొత్త చేపల్లో రెండు చచ్చి తేలాయి.

ఆ సాయంత్రమే అమ్మ ఫోను చేసింది. అల్లుడు వంట బాగా చేస్తున్నాడనీ, కూతురు కర్ర పట్టుకుని నడుస్తోందనీ, గురువారం వచ్చేస్తున్నాననీ చెప్పింది.

"ఇక్కడ నాకేం తోచడం లేదురా. చేపల పని లేదుగా. పెద్దాయన ఎలా ఉన్నాడు?"

అతను నిక్షేపంగా ఉన్నాడన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు దాన్ని చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. నాన్న చేతి సంచీలోంచి దిగిన చివరి వస్తువు ఆ చేప. మిగతావన్నీ పోయినా కొత్తవి కొని నిలబెట్టొచ్చు. అది పోతే దాని బదులు అమ్మ ముందు ఏది పెట్టగలడు?

పిల్లి వచ్చి కెలుకుతోందేమోనని బాబాయి అనుమానపడటంతో కొలను మీద వల కూడా కట్టారు. కట్టింది మెకానిక్, కట్టమన్నది బాబాయి. మర్నాడు ఆదివారం పొద్దున్నే తోటలోంచి రైలు బయలుదేరుతున్నట్టు పొడుగ్గా ఈల వినిపించింది. మెకానిక్, భార్య పరుగెత్తుకెళ్ళారు. కొలను మధ్యలో బాబాయి కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు వల చుట్టుకుంది, తెల్ల పైజామా నడుం దాకా నీలమైంది, నోట్లో ఈల, తడవకుండా పైకెత్తి పట్టుకున్న చేతిలో బ్రెడ్డు పొట్లం.

"అమ్మాయి రోజూ మేత వేయడం మర్చిపోతోందిరా. గడి ఖాళీగా ఉంటుంది. చెబితే నువ్వు దాన్ని కసురుతావని నేనే వేస్తున్నాను" అన్నాడు బాబాయి, ఈల తీసి.

భార్య తెల్లబోయింది. తను రోజూ ఎనిమిదింటికి తప్పకుండా వేస్తోంది, బస్సు హడావుడిలో సంతకమే సాయంత్రానికి వాయిదా వేస్తోంది. మెకానిక్ ఇంటికొచ్చి ఖాళీ గడి చూసి, పాపం పస్తున్నాయని పొద్దుటి మేత, సాయంత్రం మేత కలిపి వేసి, రెండు గడుల్లోనూ భార్య సంతకంతో సహా తనే పెట్టేస్తున్నాడు. ఈల విని గోడ మీంచి తొంగిచూసిన పళ్ళ డాక్టరు కాసేపు తటపటాయించి, అమ్మగారు ఊళ్ళో లేరు కదా అని తాను కూడా రోజూ మధ్యాహ్నం బ్రెడ్డు ముక్కలు విసురుతున్నానని ఒప్పుకున్నాడు. ఆ లెక్కన ఆ ఇంట్లో మనుషులు మూడు పూటలు తింటుంటే చేపలు ఐదు పూటలు తింటున్నాయి. ఎవరూ వాటికి ద్రోహం చేయలేదు. అందరూ జాలిపడ్డారు, అంతే.

బాబాయిని లాగేసరికి నీలం నీళ్ళలో పెద్దాయన పక్కకు ఒరిగి, నోరు తెరిచి గాలికోసం కొట్టుకుంటున్నాడు. మెకానిక్ రెండు చేతులతో ఎత్తుకున్నాడు గానీ ఎక్కడ వేయాలో తోచలేదు. కుళాయిలో ఆ వేళకు నీళ్ళు రావు. కొట్టు వెనక, చూరు కింద పాత సిమెంటు తొట్టి ఒకటుంది. వాననీళ్ళు పడి, పచ్చగా నాచు పట్టి, తోమడానికి వచ్చే ఆదివారం కార్డులో ఎక్కాల్సిన తొట్టి అది. గత్యంతరం లేక అందులో వదిలాడు. చేప రాయిలా కిందకు దిగిపోయి కనబడకుండా పోయింది. పైన చెక్క పలక మూసి, దీని జోలికి ఎవరూ వెళ్ళొద్దని చెప్పాడు. తనూ వెళ్ళలేదు. సోమ, మంగళ, బుధవారాలు ఆ పలక దగ్గరదాకా వెళ్ళి వెనక్కు వచ్చాడు. తెరిస్తే తెలిసిపోతుంది. తెలియనంతసేపూ నాన్న చేప బతికే ఉంది.

గురువారం పొద్దున్నే అమ్మ దిగింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో రేకు డబ్బా. కాళ్ళు కూడా కడుక్కోకుండా తోటలోకి వెళ్ళి కొలను దగ్గర నిలబడింది. నీలం నీళ్ళు, తళతళలాడే పలకలు, వల, సంతకాల కార్డు, అన్నీ వరసగా చూసింది.

"ఇదెవరి కొలనురా?" అంది చివరికి.

ఆవిడ వంగి లెక్కపెట్టింది. ఎనిమిది. వాటిలో రెండు ముఖాలు కొత్తవి. ఇంటికి చుట్టాలు కూడా వచ్చినట్టున్నారంది. ఆ తర్వాత పెద్దాయన ఏడని అడిగింది. మెకానిక్ మొదటి చేప నుంచి బాబాయి పైజామా దాకా ఏదీ దాచకుండా చెప్పేశాడు. చెబుతుంటే నలభై ఎనిమిదేళ్ళ గొంతు ఎనిమిదేళ్ళవాడి గొంతయింది. ఆవిడ తిట్టలేదు. కొట్టు వెనక్కు నడిచింది. అతను కళ్ళు మూసుకుని పలక తీశాడు.

పచ్చటి నీళ్ళు, నాచు తప్ప ఏమీ లేదు. అమ్మ తొట్టి అంచు పట్టుకుని కదలకుండా నిలబడింది. ఎంతసేపో అయ్యాక నాచు కాస్త కదిలింది. దాని కింద నుంచి నారింజ వీపు లేచింది. ఎడమ కంటి మీద తెల్లమచ్చతో పెద్దాయన పైకి వచ్చి, అంచునున్న నాచు ఒక నోరు కొరికి, ఎవరినీ పట్టించుకోకుండా కిందకు పోయాడు. అమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఇందులో ఏం మందు వేశావు?"

"ఏం వేయలేదమ్మా."

"నీళ్ళు మార్చావా?"

"లేదు."

"మేత?"

"పలక తీసి చూడ్డానికే ధైర్యం చాల్లేదు."

"నేను చేసేదీ అదేరా" అంది అమ్మ.

అప్పుడు చెప్పింది. కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి మందు కలుపుతారు, ఆ నీళ్ళు ఒక రోజు బకెట్లో ఎండకు పెట్టందే చేపలకు పడవు. నాచు మురికి కాదు, వాటి తిండి. వాటి కంచాలు తోమి, కంచాల్లో ఉన్నది కూడా పారబోశావంది. మిగతాది వాన చూసుకుంటుంది, దోమపిల్లలు చూసుకుంటాయి. తనకు గుర్తొస్తే వారానికోసారి ఒక చిటికెడు మేత వేస్తుంది, గుర్తు రాకపోతే అదీ లేదు.

"మరి రోజూ అరగంట చేపల పని అనేదానివి?" అన్నాడు మెకానిక్.

అమ్మ ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నలుగురు పిల్లలు, వచ్చేపోయే జనం. ఊరికే కూర్చున్నానంటే ఎవరు కూర్చోనిస్తారురా? చేపల పని అంటే ఒక్కళ్ళూ పిలిచేవాళ్ళు కాదు. మీ నాన్నకి తెలుసు. ఈ కొలను తవ్విందే అందుకు. పోయే ముందు ఏడాది, చేపలు తగ్గిపోతున్నాయి, ఇక నీకు పనేం లేదని ఎవరైనా అంటారేమోనని పెద్దాయన్ని తెచ్చిపెట్టారు."

కిటికీ ఊచలు పట్టుకుని, ఆ వీపు ఎప్పుడు తిరుగుతుందా అని క్షణాలు లెక్కపెట్టిన పిల్లాడు మెకానిక్కు గుర్తొచ్చాడు. అంత పెద్ద ఇంట్లో ఆ అరగంట ఒక్కటే అమ్మ సొంతమని వాడికి తెలియదు. గొంతు తగ్గించి కసిరిన నాన్నకు మాత్రం తెలుసు. తెలిసి కూడా జీవితమంతా నోరు విప్పని నాన్న మీద అతనికి ఇన్నేళ్ళకు కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చింది.

ఈ డబ్బాలో మందేమిటని అడిగాడు. అమ్మ మూత తీసింది. చల్లటి తియ్యటి వాసన గుప్పున వచ్చింది. డబ్బా నిండా పిప్పరమెంటు బిళ్ళలు.

"నలుగురికీ పంచితే నాకేం మిగులుతాయిరా?" అంది ఆవిడ, ఏమాత్రం సిగ్గుపడకుండా. గోడ అవతల పళ్ళ డాక్టరు ఉంటాడు కాబట్టి మూత గట్టిగా పెడతానని కూడా చెప్పింది. ఆ తర్వాత ఏమనుకుందో, ఒక బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. దాన్ని నోట్లో వేసుకుని అతను తొట్టి దగ్గరే కూర్చున్నాడు, కరిగేదాకా లేవలేదు.

కొలను తేరుకోవడానికి మూడు వానలు పట్టింది. మెకానిక్ క్లినిక్కుకు వెళ్ళి, ఈసారి రోగులెవరూ లేనప్పుడు, క్షమించమన్నాడు. బ్రెడ్డు విసిరిన చేయి కాబట్టి డాక్టరు గారు కూడా మెత్తబడి మిగిలిన సగం పన్ను పూర్తిచేశారు. నాచు మళ్ళీ పట్టగానే పెద్దాయన పాత ఇంటికి మారాడు.

ఒక ఆదివారం మెకానిక్ పేపరు పట్టుకున్నాడో లేదో, భార్య వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో పీట, ఇంకో చేతిలో రేకు డబ్బా.

"అత్తయ్యా, నేను చేపల పని చూసుకొస్తాను" అంది.

సాయం వస్తానని మెకానిక్ లేవబోయాడు.

"కూర్చో. అది ఒకళ్ళు చేసే పని" అంది అమ్మ.

మర్నాటి నుంచి బాబాయికి కూడా ఒక గడి వచ్చింది. మెకానిక్ పాత కార్డు చింపి కొత్తది గీశాడు. అందులో మేత లేదు, నీళ్ళు లేవు, గోడలు లేవు. ఎవరి అరగంట ఎప్పుడన్నదొక్కటే ఉంది. ఈసారి సంతకం పెట్టడం ఎవరూ మర్చిపోలేదు.

ఆ నెలలో ఒక్క చేప కూడా చావలేదు. పిప్పరమెంట్లు మాత్రం రెండుసార్లు అయిపోయాయి.